అందరినీ అడిగే అవ్వ

దుమ్ము పడిందమ్మా కంట్లో, అంతే! అలా గుచ్చిగుచ్చి చూడకు. నర్సువైతే మాత్రం? ముసలిది క్లినిక్ వెనకాల ఓ నిమిషం కూర్చోకూడదా ఏంటి?

సరే, ఏడ్చాను. అయితే ఏమైంది ఇప్పుడు?

ఆ షువాయి లేదూ, టమాటాలమ్మే పిల్ల? పోయినేడు దిగులుతో మంచం దిగేది కాదు. వారం వారం, దిగులు పడ్డవాళ్ళ మాట వినడానికి మీరు నాకిచ్చిన క్లినిక్ బెంచీ మీద కూర్చోబెట్టుకుని, మాట్లాడించి మాట్లాడించి మనుషుల్లో కలిపాను. ఇందాక ఇంత గుమ్మడికాయ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. 'నీవల్లే బతికున్నా అవ్వా' అంది. బెంచీ చుట్టూ ఉన్న ఆడాళ్ళంతా చప్పట్లు! నేనూ నవ్వాను. నవ్వి, ఇదిగో, గుమ్మడికాయతో సహా ఇక్కడికొచ్చి పడ్డాను.

సంతోషం రాలేదు తల్లీ. రవ్వంతైనా రాలేదు.

చలికాలం మొదలైనప్పట్నుంచీ ఇంతే. మొక్కజొన్న సడ్జా ముద్ద నోట్లో పెట్టుకుంటే మట్టి తిన్నట్టుంటుంది. పొద్దున్నే చెప్పులేసుకోడానికి గంట. ఎవరైనా పోయారా అంటే పోలేదు. కొడుకు తాగుతాడా అంటే తాగడు. ఏమీ కాలేదు! అదే కదా నా ఖర్మ, చూపించుకోడానికి ఓ గాయమైనా లేదు.

కోడలేమో 'వయసు అత్తయ్యా, అంతే' అంటుంది. చర్చి వాళ్ళు ఇంకా గట్టిగా ప్రార్థించమంటారు. ఇదేంటో నాకు తెలీదూ? కుఫుంగిసిస! ఆలోచన బుర్రలో తిరిగి తిరిగి మనిషిని తినేసే జబ్బు. ఎనిమిదేళ్ళుగా ఎదుటివాళ్ళ మొహం చూసే పట్టేస్తున్నదాన్ని!

ఎవరితో చెప్పను? వీధిలో ఎవరికి దిగులేసినా 'రవిరో అవ్వ దగ్గరికెళ్ళు' అంటారు. మరి రవిరో అవ్వ ఎక్కడికెళ్ళాలి? నాకే ఇలా ఉందని తెలిస్తే, ఆ షువాయి మళ్ళీ మంచమెక్కదూ?

ఉండు, లేవకు. డాక్టర్ని తర్వాత పిలుద్దువు గానీ, ముందు విను.

మొన్న శుక్రవారం మార్కెట్ దగ్గర రోడ్డు దాటుతున్నా. కోంబీ వ్యాను వస్తోంది. చూశాను. కాళ్ళు కదల్లేదు... కాదు, అబద్ధమెందుకు, నేనే కదపలేదు. డ్రైవరు కీచుమని బ్రేకేసి, తల బయటపెట్టి, 'ఏయ్ ముసలీ, చావాలనుందా?' అని అరిచాడు.

'అవును నాయనా' అనేశాను.

 లోపల జనం కేకలేస్తున్నా, వాడు దిగొచ్చి, నా చెయ్యి పట్టుకుని అవతలికి దాటించాడు.

'చావాలనుందా' అని, ఇన్నేళ్ళూ బెంచీ మీదకొచ్చిన అందర్నీ నేను అడిగే మాటమ్మా అది. నన్నడిగినవాడు వాడొక్కడే. అదీ తిట్టబోయి.