ఊకెనే వచ్చిన వాన కబురు

ధరూర్‌ల చేను నుంచి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటున్న రైతుకు భార్య సెల్‌ఫోను చూపించింది.

“ఎవడో ఫోన్ చేసిండు. మీ బోరెండింది గదా, చేను అమ్ముతరా అన్నడు.”

అతని చేతిల చెంబు ఆగింది.

“వానికెట్ల తెల్సు?”

“నన్నడుగుతవేంది? బోరెండిందని నాకే తెల్వదు.”

“మొన్న ఒకాయన వచ్చిండు. వాన కబురు ఫోన్‌కు పైసల్లేకుండ ఊకెనే పంపుతమన్నడు. పేరు, ఎకరాలు, బోరు సంగతి అన్నీ కాయితంల రాసుకున్నడు.”

“వాన కబురొచ్చిందా?”

“రోజు వస్తది. ఎనకనే బోర్లేసేటోళ్ల కబురు గూడ.”

“చేను అమ్ముతవా?”

“అమ్మనే. నువ్వు పరేషానైతవని బోరు సంగతి చెప్పలే.”

“ఊకెనే ఇస్తనన్నోనికి అన్నీ చెప్పినవు. ఇరవై ఏండ్ల సంది నేను గూడ బువ్వ ఊకెనే పెడుతున్న గదయ్యా!”

అతను చెంబు కింద పెట్టిండు.

“కూసో. చెప్త.”