డోలు మోగకముందు

మధ్యాహ్నం పూట రాజమండ్రిలోని ఆ డ్రైఫ్రూట్స్ కొట్లో బేరాల్లేవు. షావుకారు ముచ్చటపడుతూ కొండ పైన్ చెట్లకి కాసే కొత్త చిల్గోజా గింజలు తీసి, ఇక్కడ ఇంజనీరింగ్ చదువుతున్న అఫ్గాన్ పష్తూన్ యువకుడి చేతిలో పోశాడు. అతను ఒకటి కొరికి, నమలడం ఆపేశాడు.

"ఇవింకా పచ్చివండి. ఎక్కడివి?"

"మీ కొండవే బాబూ. మీ అన్నయ్య దుబాయ్ మీదుగా పంపించాడు. నీకు చెప్పొద్దన్నాడు."

"మా జిల్లాలో కోత మొదలుపెట్టొచ్చని డోలు మోగేదాకా ఆ చెట్ల మీద ఎవరూ చెయ్యి వేయకూడదండి."

"ఎవరి చెట్లు వాళ్లు కోసుకుంటే తప్పేంటి?"

"చెట్లు ఊరందరివీ. మాకు ఇక్కడిలా కాలవల్లేవు, వరి లేదు. అన్నీ రాళ్లే. మగవాళ్లు సగంమంది గల్ఫ్‌లో ఉంటారు. మిగిలినవాళ్లు ఏడాదంతా ఈ గింజల మీదే బతకాలి."

"అయితే జరిమానా వేస్తారా?"

"ఇల్లు తగలబెడతారండి."

షావుకారు గింజల డబ్బాకి మూత పెట్టేశాడు.

"పండక్కి అందరికంటే ముందు నా కొట్లోనే ఉండాలని తొందరపెట్టింది నేనే. అయినా కొండ కాపలాకి పెద్ద మీ నాన్నగారే కదా. చూసీ చూడనట్టు వదిలెయ్యరా?"

"పోయినేడు సొంత తమ్ముడి ఇంటికే నిప్పు పెట్టించారు. మీరు ఇంకెవరికైనా చెప్పారా?"

"చెప్పలేదయ్యా. పొద్దున వాట్సాప్ స్టేటస్ పెట్టానంతే. చెట్టు కింద బస్తాల మీద మీ అన్నయ్య కూర్చున్న ఫొటో."

"తీసెయ్యండి! ఇప్పుడే!"

షావుకారు ఫోన్ తెరిచి, స్టేటస్ ఎవరెవరు చూశారో ఆ జాబితా చూశాడు.

"బాబూ, బేరం మాట్లాడుకోమని మీ నాన్నగారి నంబరు నువ్వే ఇచ్చావు కదా..."

"నాన్న చూశారా?"

"అందరికంటే ముందు ఆయనే చూశారు."