పొట్ట మీది సూది

రక్తం ఎక్కించడం పూర్తయి, మనవరాలు వార్డులో కునుకు తీస్తోంది. నర్సు చేతిలో రిపోర్టు చూడగానే, మంచం పక్కన కూర్చున్న అమ్మమ్మ సంచిలోంచి మందు పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పిల్ల ఒంట్లో ఇనుము మళ్ళీ పెరిగింది అమ్మమ్మగారూ. ఎక్కించిన రక్తంతో చేరే ఇనుముని బయటికి లాగడానికే కదా, రోజూ రాత్రి పొట్టకి సూది పెట్టి మందు పంపు తగిలించమన్నది?"

"తగిలిస్తూనే ఉన్నా తల్లీ. పొద్దున్నకి పంపు ఖాళీ. పుస్తకంలో టిక్కులు కూడా పెట్టాను, చూడు."

"ఆ టిక్కులు చూసే డాక్టరుగారు రెండుసార్లు మందు పెంచారు. అయినా తగ్గదే! నిజం చెప్పండి, మందు ఎక్కడికి పోతోంది?"

"గ్లాసులోకి."

"గ్లాసులోకా!"

"పది గంటలు సూది ఉంచమంటివి. అటు పొర్లితే కెవ్వు, ఇటు పొర్లితే కెవ్వు. చూడలేక, నిద్ర పట్టగానే సూది తీసి గ్లాసులో పెట్టేదాన్ని."

"ఎన్నాళ్ళుగా?"

"ఎండలు ముదిరినప్పటి నుంచి."

"నాలుగు నెలలు! నా తల ఎక్కడ బాదుకోను? ఆ ఇనుము గుండెకి పట్టేస్తే ఏం చేస్తారు?"

"పట్టేసిందా తల్లీ?"

"రేపు స్కాన్ తీస్తే తెలుస్తుంది. ఇదిగో పంపు. ఇప్పుడే, నా ముందు మీరే పెట్టండి."

"చెయ్యి వణుకుతోందే."

"తీసేటప్పుడు వణకలేదా?"

"లేదు," అని ఒప్పుకుని, అమ్మమ్మ మనవరాలి బుగ్గ తట్టింది. "లే బంగారం. ఇవాళ నువ్వు ఎంత ఏడ్చినా నేను తియ్యను."