పక్కింటామె కోసం

అమ్మలారా, అక్కలారా, వెనక గోడ పక్కన నిలబడ్డ అయ్యలారా! తాండూరు దవాఖాన నర్సు సత్యమ్మ పోయి నేటికి పదకొండు రోజులు. ఆమె ఉన్నప్పుడు ఒక్కొక్కరుగా, కొంగు కప్పుకుని వచ్చేవాళ్ళం. ఈరోజు అందరం ఒక్కసారే వచ్చాం. ఆమె లేదు.

నేను భీమమ్మను. నాకు చదువు రాదు, మాట్లాడడం రాదు. భయపడడం ఒక్కటే వచ్చు. పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు ఆమె ఈ ఊరికి వచ్చింది. అప్పటినుంచి పదమూడేళ్ళు నా భయాలన్నీ విన్నది ఆమె ఒక్కతే.

దవాఖాన అరుగు మీద మన ఆడవాళ్ళం ఎట్లా అడిగేవాళ్ళమో మరిచిపోయారా? "మా పక్కింటామెకు" అనే కదా మొదలుపెట్టేది! పక్కింటామెకు తెల్లబట్ట అవుతోంది. పక్కింటామెకు ముట్టు నిలిచి మూడేళ్ళయింది, మళ్ళీ కనబడింది. నాకు పక్కిల్లే లేదు. ఒక పక్క రైలుపట్టాలు, ఇంకో పక్క నాపరాళ్ళ గుట్ట. అది ఆమెకు తెలుసు. అయినా నవ్వు ఆపుకుని, "ముట్టు నిలిచినంక మళ్ల కనవడితె ఊకోవద్దు పెద్దమ్మా, డాక్టర్‌కు సూపియ్యాలె. రేపు ఆమెను నీ చీరనే కట్టుకొని రమ్మను" అంది. మర్నాడు నాతో రైలెక్కి వికారాబాదు దాకా వచ్చింది. భయం లేదని డాక్టరు చెప్పేదాకా నా చేయి వదల్లేదు.

నా కూతురి కాన్పప్పుడు ముర్రుపాలు పిండి పారబోయబోయాను. మన అత్తలు చేసిందే నేనూ చేయబోయాను. సత్యమ్మ గిన్నె లాక్కుంది. "బర్రె ఈనితె దూడను పొదుగు కాడికి ఇడుస్తవు గద! మనుమరాలేం తప్పు జేసింది?" అంది. ఆ మనుమరాలు ఇదిగో, ముందు వరుసలో కూర్చుంది.

ఇక చెప్పలేని మాట చెప్పాలి.

నిరుడు కందులు కోసే రోజుల్లో ఆమె మా ఇంటికొచ్చింది. చాయ్ చేతిలో పట్టుకుని చాలాసేపు తాగలేదు. "పెద్దమ్మా, మా పక్కింటామెకు రొమ్ముల శెనగగింజంత గడ్డ ఉన్నది. నొప్పి లేదు" అంది.

నేనేమన్నాను? చీమ కుట్టినా హడలిపోయే నేను ఆ ఒక్కరోజు ఏమన్నాను? "నొప్పి లేకుంటె ఫికర్ లేదు తియ్, పసుపు పట్టెయ్యమను" అన్నాను. ఆమె తల ఊపి, చల్లారిన చాయ్ తాగి వెళ్ళిపోయింది.

నొప్పి లేని గడ్డనే ముందు చూపించుకోవాలని నూరుమందికి చెప్పిన మనిషి ఆమె. ఆమెకు జవాబు తెలియదా? దవాఖాన వెనక ఒంటి గది ఆమెది. దానికి పక్కిల్లు ఎక్కడుంది? వికారాబాదు రైల్లో పక్కన కూర్చోవడానికి ఒక మనిషి కావాలని వచ్చింది. "ఆమెను నీ చీరనే కట్టుకొని రమ్మను" అనడానికి నాకెందుకు నోరు రాలేదు?

అమ్మలారా, రేపు పొద్దుటి బండికి నేను స్టేషన్‌లో ఉంటాను. దాచుకున్నది ఏదైనా ఉంటే రండి. పక్కింటామె కోసమనే చెప్పండి, నేనేమీ అడగను. పక్కన కూర్చుంటాను.

ఇప్పుడు లేవండి. పక్కనున్న మనిషి చేయి పట్టుకోండి. సత్యమ్మ కోసం రెండు నిమిషాలు ఎవరమూ మాట్లాడకుండా నిలబడదాం.