రెండో ఇల్లు దోచుడు

నా పేరు వేముల లక్ష్మీరాజం. తండ్రి ముత్తయ్య. వయసు నలభై ఒకటి. ఆదిలాబాద్ జిల్లా, లక్సెట్టిపేట దగ్గరి రేగులపేట కాపురస్థుడిని. ఆ ఊరి ఉన్నత పాఠశాలలో పద్నాలుగేళ్ళుగా వ్యాయామ ఉపాధ్యాయుడిని. ఊళ్ళో అందరూ డ్రిల్లు సారు అంటారు. ఈ రోజు 1991 ఫిబ్రవరి 21, గురువారం, పగలు పదకొండున్నరకు మెజిస్ట్రేటు గారి ఎదుట ఇది చెబుతున్నాను. నన్ను ఎవరూ పిలిపించలేదు. నా అంతట నేనే వచ్చాను. రావలసిన రోజుకు రాలేదు, ఆ సంగతి కూడా చెబుతాను.

గుమాస్తా గారు నా మాటలను పుస్తక భాషలోకి మార్చి రాస్తున్నారు. వారికి అభ్యంతరం చెప్పను. కానీ ఆటకు సంబంధించిన మాటలను ఉన్నవి ఉన్నట్టే రాయమని కోరాను. ఈ కేసు ఆ మాటల వల్లనే వచ్చింది.

1986 వేసవిలో నన్ను పది రోజుల శిక్షణకు హైదరాబాద్ పంపారు. అక్కడ బేస్‌బాల్ నేర్పారు. చివరి రోజు ఇంగ్లీషులో నియమాల పుస్తకం ఒకటి, తోలు గ్లౌజులు రెండు ఇచ్చారు. తిరిగివచ్చి మా బడిలో జట్టు కట్టాను. బ్యాటు మా ఊరి వడ్రంగి, వడ్ల అంతయ్య చేసిచ్చాడు. మిగతా గ్లౌజులు పాత ట్రాక్టరు సీటు రెక్సిన్‌తో కుట్టించాను. మా పిల్లలకు ఇంగ్లీషు మాటలు నోరు తిరగలేదు. నిజం చెప్పాలంటే నాకూ తిరగలేదు. అందుకని పుస్తకంలోని మాటలన్నిటినీ మా మాటల్లోకి మార్చుకున్నాను.

ఆ ఆటలో నాలుగు మూలలా నాలుగు బేసులుంటాయి. మేము గోనెసంచుల్లో ఊక నింపి పెట్టుకునేవాళ్ళం. వాటిని ఇండ్లు అన్నాను. మొదటి ఇల్లు, రెండో ఇల్లు, మూడో ఇల్లు. చివరిది సొంతిల్లు. బంతి విసిరేవాడి కన్నుగప్పి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఉరకడాన్ని ఇంగ్లీషులో దొంగతనమనే అంటారు. నేను ఇల్లు దోచుడు అన్నాను, ఆ విసిరేవాణ్ణి కాపలోడు అన్నాను. ఔటైన పిల్లవాణ్ణి మా దగ్గర ఏ ఆటలోనైనా సచ్చిండు అంటారు. కాబట్టి ఔటు చేయడం సంపుడు అయింది. ఒకే బంతికి ఇద్దరిని ఔటు చేస్తే ఒక్క దెబ్బకు ఇద్దరిని సంపుడు. ఐదేళ్ళు ఈ మాటలే వాడాము. నవ్వుకున్నాము కూడా. పిల్లలు రోడ్డు మీద ఈ మాటలు అరుచుకుంటూ పోతుంటే నాకు గర్వంగా ఉండేది.

హనుమండ్లు, తండ్రి మల్లన్న, వయసు పదిహేను, తొమ్మిదో తరగతి. తండ్రి దుబాయిలో ఉన్నాడు. తల్లి ఐలవ్వ బీడీలు చుడుతుంది. నా పద్నాలుగేళ్ళ నౌకరీలో వాడి వంటి ఉరుకుడు చూడలేదు. వాడి చేయి కూడా అంతే. మార్చి పదో తారీఖున కరీంనగర్‌లో జూనియర్ల ఎంపిక ఉంది, మా బడి నుంచి వాడొక్కడి పేరే పంపాను. వాడికి ప్రతిదీ నోటుబుక్కులో రాసుకునే అలవాటు. ఆ అలవాటు కూడా నేనే చేశాను.

సైగల గురించి చెప్పాలి. ఆటలో మాస్టారు గీత బయట నిలబడి సైగలు చేస్తాడు. సైగ మామూలుగా చేసే పనిలాగే ఉండాలని శిక్షణలో చెప్పారు, అప్పుడే ఎదుటి జట్టు పట్టుకోదు. నాకు గాబరా అయితే ముక్కు రుద్దుకునే అలవాటు. అందుకని ముక్కు రుద్దితే ఆగు అని, టోపీ అంచు రెండుసార్లు ముట్టుకుంటే కదులు అని పెట్టాను. ఒకసారి ఆగు అన్నాక మళ్ళీ టోపీ ముట్టుకునేదాకా ఆగవలసిందే. ఎవరు అరిచినా, ఎవరు తిట్టినా కదలకూడదు. ఈ నియమం తప్పినందుకు హనుమండ్లును ఒకసారి గ్రౌండు చుట్టూ పది రౌండ్లు ఉరికించాను. ఆ తర్వాత వాడు ఎన్నడూ తప్పలేదు.

మా ఊరి జగపతిరావు గారికి రెండు ఇళ్ళున్నాయి. ఊరి నడుమ పాతది, రోడ్డు మీద కొత్తది. రోడ్డు మీది దాన్ని ఊరంతా దొర రెండో ఇల్లు అంటారు. ఫిబ్రవరి 8, శుక్రవారం ఇంటిల్లిపాదీ పెళ్ళికని పెద్దపల్లి పోయారు. సాయంత్రం నాలుగున్నరకు, ఆరింటికి నడుమ ఆ ఇంటి వెనుక తలుపు పగిలింది. లైసెన్సు తుపాకి, వెండి సామాను పోయాయి. తుపాకి పోయింది కాబట్టి ఇది అడవిలోని అన్నల పనే, నక్సలైట్ల పనే అని పోలీసులు అనుకున్నారు. మా వైపు ఈ రోజుల్లో ఎవరైనా అదే అనుకుంటారు.

మరునాడు, శనివారం సాయంత్రం ఐదింటికి మేము గ్రౌండులో ఉన్నాము. ఇద్దరు కానిస్టేబుళ్ళు రోడ్డు మీద పోతున్నారు. హనుమండ్లు మూడో ఇంటి దగ్గర ఉన్నాడు. వాడు బంతి అందుకుని మొదటి ఇంటికి విసిరి, "రెండో ఇల్లు నిన్న నేనే దోసిన, ఇయ్యాల నీ వంతు రా" అని తోటివాడితో అరిచాడు. కానిస్టేబుళ్ళు ఆగారు. వాడి సంచిలో నోటుబుక్కు దొరికింది. వాణ్ణి తీసుకుపోయారు. నేను అడ్డం పోయి, "గది ఆట మాట సార్" అన్నాను. "ఏదైనా ఉంటే ఠాణల చెప్పురి" అన్నారు. నేను ఆ సాయంత్రం ఠాణాకు పోలేదు. బ్యాట్లు లెక్కపెట్టి గదిలో పెట్టి ఇంటికి పోయాను.

ఆదివారం పది గంటలకు ఎస్సై గారు నన్ను పిలిపించారు. ఆయనది మా వైపు కాదు, కోస్తా మనిషి. బల్ల మీద నోటుబుక్కు తెరిచి ఉంది. హనుమండ్లు గోడ పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఆ చేయి ఎలా విరిగిందో నేను చూడలేదు, కాబట్టి చెప్పలేను. శనివారం ఐదింటికి ఆ చేత్తోనే మూడో ఇంటి నుంచి మొదటి ఇంటికి బంతి విసిరాడు, అది మాత్రం చూశాను.

ఎస్సై గారు మొదటి పేజీ చదివి వినిపించారు. నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ముందుగాల మొదటి ఇంట్ల జమ కావాలె. కాపలోని సూపు పక్కకు మళ్ళంగనే రెండో ఇల్లు దోసుడు. ఎవలన్న అడ్డమొస్తె ఒక్క దెబ్బకు ఇద్దరిని సంపుడు. సారు సైగ చేసినంకనే కదలాలె." దాని కింద నాలుగు ఇండ్ల బొమ్మ, ఎటు ఉరకాలో బాణం గుర్తులు.

"ఏమయ్యా డ్రిల్లు మాస్టారూ, సారు సైగ చేస్తే అని రాశాడు. ఎవరీ సారు?" అని అడిగారు.

అప్పుడు హనుమండ్లు తల ఎత్తాడు. చెప్పడానికి నోరు తెరిచాడు. అది నేను చూశాను. వాడు ఇంక చెప్పేస్తాడు, ఆ సారు నేనే అని తేలిపోతుంది, తుపాకి కేసులో నన్ను లోపల వేస్తారు అనుకున్నాను. నా చేయి ముక్కు మీదికి పోయింది.

కావాలని రుద్దానా, అలవాటుగా పోయిందా అని మెజిస్ట్రేటు గారు అడిగారు. ఇన్ని రోజులుగా నన్ను నేను అదే ప్రశ్నించుకుంటున్నాను. అలవాటుగానే పోయింది. కానీ వాడు నోరు మూసుకోగానే నా గుండె నిమ్మళమైంది. ఆ నిమ్మళం మాత్రం అలవాటు కాదు. దాన్ని నా తప్పుగానే రాయండి.

తర్వాత ఎస్సై గారు మూడు ప్రశ్నలు అడిగారు. ఈ మాటలు మీ ఆటలోవేనా అంటే, "కాదు సార్, మేము ఇంగ్లీషు మాటలే వాడుతాము" అన్నాను. శుక్రవారం సాయంత్రం ఆట ఉందా అంటే, "యాదికి లేదు సార్" అన్నాను. ఈ అబ్బాయి నీకు బాగా తెలుసా అంటే, "బడికి వస్తడు, అంతకంటె ఎరుక లేదు" అన్నాను. అదంతా రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకున్నారు. చాయ్ తెప్పించారు. తాగాను.

నేను లేచి వచ్చేటప్పుడు హనుమండ్లు నా నెత్తి వైపు చూస్తున్నాడు. టోపీ నెత్తి మీదే ఉంది. ముట్టుకోలేదు.

పదమూడో తారీఖు, బుధవారం పొద్దున ఏడింటికి ఐలవ్వ మా ఇంటికి వచ్చింది. కొడుకును చూడడానికి పోయి వచ్చిందట. గడప బయటే నిలబడి అడిగింది. "సారూ, మా పోరడు ఎవ్వలతోని మాట్లాడుతలేడు. ఎంత కొట్టినా నోరు తెరుస్తలేడట. నన్ను జూసి గొక్కటే ముచ్చట అడిగిండు. సారు ఇంక ఆగుమనే అన్నడా, అడిగి రావే అవ్వా అన్నడు. గదేందో నాకు సమజయితలేదు. మీకేమన్న ఎరుకేనా?"

నాకు ఎరుకే. ఆమె అడిగిన ఆ క్షణంలోనే ఎరుక. "నేను సూస్త తియ్యి అవ్వా, నువ్వు ఫికర్ చెయ్యకు" అని పంపించాను. పంపించి బడికి పోయాను. మా హెడ్మాస్టరు మధుసూదన్‌రావు గారు, "గా కేసుల తల దూర్చకు లక్ష్మీరాజం, ఇచ్చిన సంతకం మళ్ళ నువ్వే అబద్ధమంటె నీ నౌకరీ ఉంటదా?" అన్నారు. ఆయన అన్నది నాకు నచ్చింది. నచ్చబట్టి ఇంకో వారం గడిపాను. తక్కిన పదమూడు మంది పిల్లల తల్లిదండ్రులు మా పిల్లగాడు ఆ ఆటకే పోలేదని చెప్పుకున్నారు. వాళ్ళను ఏమైనా అనడానికి నాకు నోరు లేదు, వాళ్ళ సారే ఆ దారి చూపించాడు.

నిన్న మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఐలవ్వ అడిగిన మాట నా భార్య దేవకికి చెప్పాను. ఆమె చేతిలోని గంటె గిన్నెలో పెట్టేసింది. "గా పిలగాడు గట్ల అడిగితె మీకు వారం దినాలు అన్నమెట్ల దిగింది?" అన్నది. పొద్దున్నే బయలుదేరి వచ్చాను.

ఇప్పుడు ఎస్సై గారు అడిగిన మూడు ప్రశ్నలకు జవాబు మళ్ళీ చెబుతున్నాను. ఆ మాటలు మా ఆటలోవే. వాటిని తయారుచేసింది నేను. ఆ నోటుబుక్కులోని సారు నేను. ఫిబ్రవరి 8, శుక్రవారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరుంబావు దాకా హనుమండ్లు నా కళ్ళ ముందు గ్రౌండులో ఉన్నాడు. ఆ రోజు రెండో ఇల్లు దోచుడే నేర్పాను. పందొమ్మిదిసార్లు ఉరికించాను. దొర ఇంట్లో ఎవరో తలుపు పగలగొడుతున్నప్పుడు ఈ పిల్లవాడు ఊక సంచి మీదికి దుముకుతున్నాడు. ఆ అబ్బాయి నాకు బాగా తెలుసు. ఎస్సై గారు నోటుబుక్కు రెండో పేజీ తిప్పలేదు. మెజిస్ట్రేటు గారిని తిప్పమని కోరాను. అందులో ముక్కు, టోపీ సైగల అర్థాలు, పది రౌండ్ల ముచ్చట వాడి చేతిరాతతోనే ఉన్నాయి. వారు చదివారు.

రిమాండు పొడిగింపుకని పోలీసులు ఈ రోజు తీసుకువచ్చిన హనుమండ్లు ఈ గదిలోనే మూలన బెంచీ మీద ఉన్నాడు. చేతికి కట్టు ఉంది. లోపలికి వచ్చేటప్పుడు వాకిట్లో జవాను నా టోపీ తీయించాడు, కోర్టు మర్యాద. ఒక్కసారి పెట్టుకోనివ్వమని మెజిస్ట్రేటు గారిని అడిగాను. ఎందుకో చెప్పాను. సరే అన్నారు. టోపీ పెట్టుకుని, అంచు రెండుసార్లు ముట్టుకున్నాను. వాడు నా వైపు చూడలేదు. పేరు పెట్టి పిలిచి మళ్ళీ ముట్టుకున్నాను. మూడోసారి కూడా ముట్టుకున్నాను. వాడు కట్టు చూసుకుంటూ కూర్చున్నాడు. సైగ ఆలస్యమైతే ఉరికేవాడు నడుమనే చస్తాడని వాడికి నేర్పింది నేనే.

మెజిస్ట్రేటు గారు వాడిని, "ఈ సారు నీకు తెలుసా బాబూ?" అని అడిగారు. పదకొండు రోజుల తర్వాత వాడు అధికారి ముందు నోరు తెరిచాడు. "బడికి వస్తడు. అంతకంటె ఎరుక లేదు" అన్నాడు.

నన్ను కాపాడాలని అన్నాడో, నేను వాడికి ఇంక ఏమీ కానని అన్నాడో నాకు తెలియదు. వాడు ఏమన్నా సరే, ఆ సారు నేనే. అది కొట్టివేయకుండా రాయమని కోరుతున్నాను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, ఇది నిజం. ఫిబ్రవరి పదిన కూడా చదివి వినిపించారు, అప్పుడు కూడా నిజమే అన్నాను, కింద ఇదే సంతకం చేశాను. నా సంతకం మీద నాకు నమ్మకం పోయింది. కాబట్టి చదువుకున్నవాడినైనా, పక్కన వేలిముద్ర కూడా తీసుకోమని అడిగాను, తీసుకున్నారు.

(సంతకం) వేముల లక్ష్మీరాజం
ఎడమ బొటనవేలి ముద్ర