ఓబన్న విన్న మోత

"తాతా, కొండ మీద ఇమానం పడిన్నాడు నువ్వు ఈ ఊరి బళ్ళోనే అయ్యోరుగా ఉండావంట గదా?"

ఉండాను తల్లీ. ఎవురు చెప్పినారు నీకు? మీ అవ్వయితే కాదులే, ఆమె అప్పుడు కమలాపురంలో పుట్టింట్లో ఉండె, మీ నాయన కడుపులో. యాభైల్లో మాట. రాయచోటి బస్సు ఘాటు కాడనే దింపేస్తాండె, ఆడ్నుంచి నడకే.

మూడు దినాల ముసురు. మన సీమలో ముసురంటే పండగ గదా, ఎవురూ తిట్టుకోలేదు. కొండకు నడుం దాకా మబ్బు. పొద్దున ఎక్కాలు చెప్పిస్తాంటే గొర్రెల ఓబన్న తడుసుకుంటా వచ్చినాడు. ఓబన్న అంటే, ఎట్ల చెప్పేది నీకు, మబ్బులో గొర్రె కనపడకున్యా మెడగంట ఇని యాది యాదో చెప్పేటోడు. అట్లాంటి చెవులు.

"సామీ, మబ్బులోపల బస్సు ఘాటెక్కినట్ల మోత. రెండు సుట్లు తిరిగినాది. మళ్లా పెటిల్లుమని నిలిచిపాయ. నువ్వు చెప్తే ఊరోళ్లు కదుల్తారు. నలుగుర్ని పంపు, పోయి సూస్తాం."

నేనేమన్యా? "ఏమప్పా ఓబన్నా, మబ్బులో బస్సా? టికెట్టు కొంటివా?" అన్యా. పిల్లోళ్లంతా గొల్లుమని నగిరి. అంతటితో ఇడిస్తినా? ఉరుము కొండకు తగిలి ఎట్ల మారుమోగుతాదో శానా ఓపిగ్గా పాఠం చెప్పినా వానికి. వాడు తలొంచుకొని అంతా ఇన్యాడు. "ఉరుమయితే నాకు తెల్దా సామీ" అని ఒగడే పోయినాడు.

బడి ఇడిచే పొద్దుకు దిగొచ్చినాడు. భుజాన కంబళి లేదు. గడగడ వణుకుతాండాడు.

"ఇమానం సామీ. అంతా తునకలు. ఒగాయప్ప మాత్రం బండ కింద బతికుండె. నీళ్లు తాపినా. ఎత్తుకోను ఒగనితో యాడైతాది? నలుగురుంటే కంబళిలో ఏసి నాలుగు మూలలూ పట్టుకొని దింపుదుము. మద్యానం పానం పొయ్యేదాకా నా సెయ్యి ఇడవలేదు. కంబళి ఆయప్పకే కప్పి వచ్చినా."

 నన్ను ఒగ మాట తిట్టింటే బాగుండు తల్లీ.

దింపింటే బతికేటోడా? ఏమో. కడప నుంచి వచ్చిన డాక్టరు గూడా చెప్పలేకపాయ. మర్నాడు ఓబన్న, నేను, ఇంకిద్దరు అదే కంబళిలో మోసుకొచ్చినాం. అంత జారుడు దోవలో... నలుగురం పట్టుకుంటే ఏమంత బరువు లేడు.

రేపు నువ్వు కోసిగి బళ్ళో అయ్యోరమ్మగా చేరతాండావు. ఎవురన్నా రొప్పుకుంటా వాకిట్లోకొచ్చి ఏమన్నా చెప్తే ముందు లేసి నిలబడమ్మా. పాఠం యాడికి పోతాది... సల్లగుండు తల్లీ.