చెక్క మీద దెబ్బ

ఆసుపత్రిలో ఎక్స్‌రే గది బయట పొడుగాటి బల్ల. ఒక చివర ముక్కులో దూది, పాదానికి కట్టుతో ముప్పై ఏళ్ళ మనిషి. రెండో చివర ఎడమ చెయ్యి తువ్వాల్లో చుట్టుకున్న పెద్దాయన.

"ఆ చివరే కూర్చో. ఇటు జరిగావో, రెండో పాదం కూడా పొడుస్తా."

"జరగనండీ. చెయ్యెలా ఉంది, పెద్దాయనా?"

"పొద్దున చెయ్యిలా ఉండేది. ఇప్పుడు వంకాయలా ఉంది."

"సారీ అండీ."

"నువ్వు సారీ అనకు నాయనా, నాకు భయమేస్తోంది. ఇందాక వాయిద్యాల రిపేరు షాపులో కూడా సారీ అంటూనే నా పీక పట్టుకున్నావు. మళ్ళీ సారీ అన్నావు, చెక్క బిగించే ఇనప క్లాంపు తీసి వేళ్ళ మీద వేశావు."

"మీరు మాత్రం తక్కువ తిన్నారా? నా డబుల్ బేస్ అమాంతం ఎత్తి, దాని అడుగునుండే ఇనపమొన నా పాదంలో దింపారు. బూటులోంచి, సాక్సులోంచి! కుట్లేసినాయన అడిగాడు, ఏం గుచ్చుకుంది అని. సంగీతం అన్నాను."

"గోడకేసి నొక్కి పీక పిసుకుతుంటే నిన్ను ముద్దు పెట్టుకోమంటావా?"

"అందుకని మొహం మీద మోచేత్తో పొడుస్తారా? ముక్కు ఎముక పక్కకి జరిగిందట."

"ఇదివరకటికంటే బాగానే ఉంది."

"వెటకారం ఒకటి. ఆ షాపాయన సంగతి చూడండి పాపం. అద్దాల బీరువా పోయింది. మరిగే జిగురు గిన్నె తన్నేశాం. ఇద్దర్నీ ఆటో ఎక్కించి, మళ్ళీ నా గుమ్మం తొక్కితే నేనే నరుకుతా అన్నాడు."

"ఎవరు మొదలుపెట్టారు?"

"మీరు ఆ మాట అనకపోతే అసలు ఇదంతా ఉండేదా?"

"ఏ మాట?"

"వద్దండీ. మళ్ళీ అనకండి."

"షాపాయన రికార్డు పెట్టాడు. ఆపవయ్యా, ఆ బేస్ వాయించేవాడికి వాయించడం రాదు, అన్నాను. షాపాయనతో అన్నాను. మనవరాలి వయొలిన్ తీసుకుపోదామని వచ్చినవాణ్ణి. మధ్యలో నువ్వెవడివి?"

"బుడ్డోణ్ణి అన్నారు మీరు! బుడ్డోణ్ణి! నా ఎదురుగా!"

"అరవకు. ముక్కులో దూది ఊడిపోతుంది."

"నాకు పద్నాలుగేళ్ళప్పుడు విన్నానండీ ఆ రికార్డు. అన్న డ్రమ్ములు, తమ్ముడు బేస్. అట్ట మీద అన్న ఫొటో ఇంత, పేరు ఇంత. వెనకాల అడుగున చీమంత అక్షరాల్లో 'బేస్: బుడ్డోడు'. అంతే. అసలు పేరు లేదు, మొహం లేదు. ఒక్క రికార్డు వాయించి మాయమైపోయాడు. అది విని నేను బేస్ పట్టుకున్నా. మా నాన్న కోపమొచ్చి ఆ రికార్డు విరగ్గొడితే, ఇంట్లో అద్దాలన్నీ పగలగొట్టాను."

"అలవాటు చిన్నప్పట్నుంచీ ఉందన్నమాట."

"ఇంతలా మాట్లాడతారు కదా, మీకెవరి వాయిద్యం నచ్చుతుందో చెప్పండి, విందాం. అందర్నీ తిట్టేవాడికి కూడా ఎవరో ఒకరుండాలిగా."

"లారీ టీచరమ్మ."

"ఎవరు?"

"మీ తరానికి తెలీదులే. లారీ వెనక బేస్ ఎక్కించుకుని ఊరూరా తిరిగి వాయించేది. మనిషి నా భుజం దాకా కూడా రాదు. స్టూలెక్కి వాయించేది. వేలు తీగ మీద పడకముందే స్వరం ఆవిడ చెవిలో ఉండేది. అందుకే వెతుక్కునేది కాదు. నేరుగా పడేది, మేకు మీద సుత్తి పడ్డట్టు. ఒకసారి ముందు వరసలో ఎవడో తాగుబోతు ఈల వేస్తే, తీగలు మీటే కమానుతో వాడి చెంప పగలగొట్టి, అదే ఊపులో పాట అందుకుంది. తాళం తప్పలేదు."

"అబ్బ! నాకు కళ్ళజోడాయన ఇష్టం. కమాను వాయిద్యంలో ఆయన తర్వాతే ఎవరైనా."

"వాడా! తీగని కోస్తాడు, రంపం పెట్టి దుంగ కోసినట్టు."

"కోసినట్టే ఉండాలి! అదే కదా గొప్ప! తీగని బతిమాలడు. కమాను అంటించాడంటే కుర్చీ కింద నేల కూడా వణకాలి."

"ఊఁ. కసి ఉంది వాడి దగ్గర. ఒప్పుకుంటా."

"హమ్మయ్య. ఒక్కటి ఒప్పుకున్నారు. మరి సుత్తి అని పేరుపడ్డాయన?"

"సుత్తిగాడి పేరెత్తకు."

"అదేంటండీ! తీగల్ని వేళ్ళతో లాగి కొడుతుంటే రక్తం కారేది. ఆఖరి పాటకి బేస్ మెడంతా ఎర్రగా అయిపోయేది. అయినా ఆపేవాడు కాదు. జనం లేచి నిలబడి చప్పట్లు."

"అదే నాకు మంట. రక్తం చూసి చప్పట్లు కొట్టేవాళ్ళకి స్వరం ఎక్కడ వినపడుతుంది? టిక్కెట్టు కొన్నది పాటకా, గాయానికా?"

"మీకు అందరితోనూ పేచీయే."

"అందరితో కాదు. సుత్తిగాడితో. బుడ్డోడితో."

"పెద్దాయనా, వద్దు."

"బుడ్డోడు మరీ చెత్త."

"వద్దన్నానా!"

"దమ్ముంటే కొట్టు. ఇంకో చెయ్యి ఖాళీగానే ఉంది. రా!"

"ఏంట్రా నీ పొగరు? ముసలాడివని ఊరుకుంటుంటే... అమ్మా! పాదం! పాదం తొక్కకు! చచ్చాను!"

"కాలరు వదులు, తియ్యనా తొక్కనా?"

"ఏయ్! ఏంటిది? వదలండి కాలరు! పెద్దాయనా, ఆ కాలు తియ్యండి, కుట్లూడిపోతాయి! ఇది ఆసుపత్రా, కుస్తీ గోదానా?"

"ఏం లేదు సిస్టర్. మాట్లాడుకుంటున్నాం."

"దేని గురించి?"

"డబుల్ బేస్ గురించి."

"అదేమన్నా ఇళ్ళస్థలమా, కొట్టుకు చావడానికి?"

"పెద్ద వయొలిన్‌లా ఉంటుందమ్మా. మనిషంత ఎత్తు. నిలబడి వాయిస్తారు."

"ఏదో ఒకటి. ఎక్స్‌రే ఫిల్ము తెస్తాను, మీరు ఆ చివర, మీరు ఈ చివర. ఈలోపు ఆలోచించుకోండి పెద్దాయనా. దెబ్బ ఎలా తగిలిందో ఈ కాగితం మీద రాయాలి. కొట్టారని రాస్తే కాగితం స్టేషన్‌కి పోతుంది. పడ్డారంటే ఇక్కడే ఉంటుంది. మళ్ళీ అరుపులు వినపడితే ఇద్దరికీ మత్తు సూదే."

"అలాగేనమ్మా."

"పెద్దాయనా."

"ఊఁ."

"సోమవారం నేను ఆర్కెస్ట్రాలో చేరాలి. పర్మనెంటు. ఆరేళ్ళు కాళ్ళరిగేలా తిరిగితే వచ్చింది. కేసుందంటే గేటు కూడా దాటనివ్వరు."

"తెలుసు."

"ఎలా?"

"క్లాంపు ఎత్తేముందు నువ్వే అరిచావుగా. సోమవారం నుంచి నేనెవరో తెలుసా అని."

"పడ్డానని రాయించండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

"నా కాళ్ళ జోలికి రాకు. ఒక్క మాట అను చాలు, పడ్డాననే రాయిస్తా."

"ఏ మాటైనా అంటా. చెప్పండి."

"బుడ్డోడికి వాయించడం రాదు, అను. మూడు ముక్కలు."

"బుడ్డోడికి..."

"ఆఁ."

"బుడ్డోడికి వా..."

"వాయించడం."

"నా వల్ల కాదండీ."

"ఉద్యోగం పోతుంది."

"పోనీండి! పిలవండి పోలీసుల్ని! మీరసలు ఆ మూడో పాట సరిగ్గా విన్నారా? పాట మధ్యలో టక్ మని చెక్క మీద ఒక్క దెబ్బ. ఒక్కటే, అరచేత్తో! ఆ తర్వాత రెండు ఆవర్తాలు బేస్ లేదు. డ్రమ్ములు కూడా ఆగిపోతాయి. ట్రంపెట్ ఒక్కటే గాల్లో వేలాడుతుంటుంది. వినేవాడికి ఊపిరాడదు. అప్పుడు డ్రమ్ములు వస్తాయి. ఆ తర్వాత బేస్, ఒకే ఒక్క మంద్రస్వరం. అదీ పీసరంత శ్రుతి తగ్గించి, కావాలని! ఏడుపులా ఉంటుంది. అక్కణ్ణుంచి చివరిదాకా మూడంటే మూడు స్వరాలు. అంతకుముందు వాన కురిపించినవాడు మూడింటితో ఊరుకున్నాడు. వదిలెయ్యడం తెలియాలండీ! అది అందరికీ రాదు!"

"అయిందా?"

"కాలేదు. ఆ దెబ్బ పట్టుబడాలని మా మాస్టారు నా అరచెయ్యి వాచేదాకా చెక్క మీద కొట్టించాడు. ఇప్పుడు నా స్టూడెంట్లతో నేను కొట్టిస్తున్నా. ఇరవై మంది. అందరూ ఒకేసారి, టక్!"

"ఇరవై మందా."

"టక్!"

"ఆపు."

"ఏం, నచ్చలేదా? ఇదిగో ఈ బల్ల మీద వినండి. టక్!"

"ఆపమన్నానా! అది చెక్క మీద దెబ్బ కాదు."

"మరి?"

"వేళ్ళ మీద దెబ్బ."

"ఎవరి వేళ్ళు?"

"బుడ్డోడివి. అన్నకి కోపం జాస్తి. తాళం కంటే ముందుకి పరిగెత్తుతున్నావు, పరిగెత్తుతున్నావు అని పొద్దుట్నుంచీ తిడుతున్నాడు. మూడో పాటలో వీడు మళ్ళీ పరిగెత్తాడు. ఇరవై రెండేళ్ళు, చేతుల్లో అంత హుషారు, ఆగుతాడా? అన్న లేచాడు. స్టాండులోంచి ఇనపచువ్వ లాగి, బేస్ మెడ మీదున్న వేళ్ళ మీద వేశాడు. ఎడమ చెయ్యి. ఉంగరం వేలు, చిటికెన వేలు. టక్ మంది ఎముక. డ్రమ్ములెందుకు ఆగాయి? వాయించేవాడి చేతిలో చువ్వ ఉంది కాబట్టి. ట్రంపెట్టాయన కళ్ళు మూసుకుని వాయిస్తాడు, ఆయనకేం తెలీదు. అన్న చువ్వ కింద పడేసి, మళ్ళీ కూర్చుని డ్రమ్ము అందుకుని, ఒక్క చూపు చూశాడు. వాయిస్తావా, మిగతావీ విరగ్గొట్టనా అని. వీడు వాయించాడు. రెండు వేళ్ళతో ఎన్ని స్వరాలొస్తాయి? మూడే. శ్రుతి ఎందుకు తగ్గిందీ? వేలు జారింది. తీగంతా రక్తం."

"అబద్ధం."

"సరే, అబద్ధం."

"మీకెలా తెలుసు?"

"అక్కడున్నా."

"ఏం చేస్తూ?"

"సామాన్లు మోస్తూ."

"అందుకా... షాపులో నా బేస్‌ని మెడ పట్టుకుని ఒంటిచేత్తో తిప్పారు. బీరువాకి గానీ గోడకి గానీ తగల్లేదు. ఎత్తడం తెలిసినవాడే అనుకున్నా అప్పుడే."

"మోసినవాడికి ఆ మాత్రం రాదా?"

"మరి మీరంతా అక్కడుండి ఏమీ అనలేదా? ఒక్కరు కూడా?"

"అన్నారు. పాట బాగా వచ్చిందన్నారు. ఇప్పుడు అంటావా ఆ మాట?"

"అనను. నిజమే అనుకోండి, విరిగిన వేళ్ళతో కూడా వాయించాడంటే ఇంకా గొప్పవాడు!"

"ఓరి నీ! అది గొప్ప కాదురా, భయం! నలభై ఏళ్ళుగా జనం ఎగబడి వింటున్నది ఒకడి భయాన్ని! ఎవడో ఒకడు, ఒక్కడంటే ఒక్కడు, ఇక్కడేదో తప్పుగా ఉందే, శ్రుతి తప్పిందే, వీణ్ణి ఎవడో ఏదో చేశాడే అంటాడేమోనని చూస్తున్నాన్రా! ఇంత చెప్పినా నీకూ వినపడదా? అదే చెవి పట్టుకుని సోమవారం ఆర్కెస్ట్రాకి పోతావా?"

"పెద్దాయనా, మీరెందుకు ఏడుస్తున్నారు?"

"చెయ్యి నొప్పి."

"అయ్యాయా మీ కబుర్లు? ఇదిగో ఫిల్ము. పెద్దాయనా, మధ్యవేలు విరిగింది, కట్టు వెయ్యాలి. కానీ ఉంగరం వేలు, చిటికెన వేలు ఇవాళ్టివి కావు. ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్నాయి. రెండూ ఒకే వరసలో."

"కుర్రతనంలో తగిలిన దెబ్బలమ్మా. వాటినొదిలెయ్యి."

"సిస్టర్, ఎన్నేళ్ళ కిందటివి అవి?"

"నేనెలా చెప్తాను? బాగా పాతవే. ముప్పై, నలభై ఏళ్ళయ్యుంటుందన్నారు డాక్టరుగారు. ఏమైంది, అలా పాలిపోయారేం? తల తిరుగుతోందా?"

"ఆ ఫిల్ము ఒకసారి ఇటివ్వండి. ఎడమ చెయ్యే కదా?"

"ఎడమ చెయ్యే. ముట్టుకోకండి, ఇంకా తడిగా ఉంది. సరే పెద్దాయనా, ఈ కాగితం పూర్తి చెయ్యాలి. దెబ్బ ఎలా తగిలింది?"

"నేను కొట్టాను."

"మిమ్మల్ని కాదు, ఆయన్ని అడుగుతున్నా."

"నేనే కొట్టాను సిస్టర్, రాసుకోండి! ఇనప క్లాంపుతో కొట్టాను. స్టేషన్‌కి పంపించండి. ఆయన్నేమీ అడక్కండి, నేను చెప్తున్నాగా, నేనే కొట్టాను!"

"పెద్దాయనా, నిజమేనా?"

"వాడికి తల తిరుగుతోందమ్మా, పట్టించుకోకు. పడ్డానని రాయి. అప్పుడు మా అన్న కూడా అదే రాయించాడు."